చేత్తో నొక్కితే నడిచే స్క్రిప్టు రాత్రి ఎందుకు నడవదు? అపోహలు - వాస్తవాలు

మండపేట చుట్టుపక్కల రైసుమిల్లులకూ, భీమవరం వైపు రొయ్యల మేత దుకాణాలకూ నేను చిన్న చిన్న విండోస్ స్క్రిప్టులు, అంటే కంప్యూటరు వరుసగా చేయవలసిన ఆదేశాల ఫైళ్లు, రాసిపెడుతుంటాను. కాటా లెక్కలను రాత్రిపూట మరో కంప్యూటరుకు కాపీ చేయడం, తెల్లవారేసరికి ఎక్సెల్ పట్టీ సిద్ధం చేయడం వంటి పనులవి. నాకు పదేపదే వచ్చే ఫోను మాత్రం ఒక్కటే: "చేత్తో నొక్కితే నడుస్తోందండి, రాత్రి దానంతటది నడవట్లేదండి, విండోస్ పాడైనట్టుంది, ఫార్మాట్ కొట్టించేయమంటారా?"

అపోహ: విండోస్ పాడైంది, ఫార్మాట్ చేస్తే బాగవుతుంది.

వాస్తవం: ఈ లక్షణానికి ఫార్మాట్ మందు కాదు. ఒక మిల్లులో దాళ్వా కోతల రోజుల్లో, లారీలు కాటా ముందు బారులు తీరి ఉండగా, రాత్రి బ్యాకప్ నడవడం లేదని ఎవరో చెప్పిన మాట విని సిస్టమ్ ఫార్మాట్ చేయించారు. ఆ లెక్కలన్నీ సీ డ్రైవ్‌లోనే ఉన్నాయి. బ్యాకప్ నడవలేదు కాబట్టే వాటికి రెండో కాపీ లేదు. నేను వెళ్లేసరికి గుమస్తా చీటీల కట్ట ముందేసుకుని వారం రోజుల బరువులను ఒక్కొక్కటిగా మళ్లీ ఎక్కిస్తున్నాడు. ఫార్మాట్ చేయించినవారిని తప్పుపట్టలేను, ఎందుకంటే ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేనూ ఇదే కారణానికి ఒక కంప్యూటరును ఫార్మాట్ చేయించాను. వారం తిరగకుండా అదే లోపం మళ్లీ కనిపించింది.

అసలు కారణం వేరు. మీరు డబుల్ క్లిక్ చేసినప్పుడు స్క్రిప్టు మీ లాగిన్‌లో, మీ డ్రైవ్‌లతో, మీ తెర మీద నడుస్తుంది. చెప్పిన సమయానికి పనులను దానంతటదే మొదలుపెట్టే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో "యూజర్ లాగిన్ అయి ఉన్నా లేకున్నా నడవాలి" అని పెట్టినప్పుడు అదే స్క్రిప్టు మీ తెరతో సంబంధం లేని వేరే సెషన్‌లో నడుస్తుంది. అక్కడ పక్క కంప్యూటరు ఫోల్డర్‌కు మీరు ఒక అక్షరం పెట్టి మ్యాప్ చేసుకున్న జెడ్ డ్రైవ్ ఉండదు, క్లిక్ చేయడానికి కిటికీ ఉండదు, "స్టార్ట్ ఇన్" గడి ఖాళీగా వదిలేస్తే పని మొదలయ్యేది మీ ఫోల్డర్‌లో కాక విండోస్ సొంత ఫోల్డర్ సిస్టమ్32లో. ఆ మిల్లులో జరిగింది ఇదే. స్క్రిప్టు మొదట్లో ఎవరి పేరుతో, ఏ ఫోల్డర్‌లో, ఏ నెట్‌వర్క్ డ్రైవ్‌లతో నడుస్తోందో చెప్పే హూయామ్ఐ, సీడీ, నెట్ యూజ్ అనే మూడు ఆదేశాలు పెట్టి, వాటి జవాబులను ఒక లాగ్ ఫైలుకు పంపించాను. మరునాడు ఉదయం తెరిచి చూస్తే ఫోల్డర్ సిస్టమ్32 అని ఉంది, డ్రైవ్‌ల జాబితాలో జెడ్ జాడే లేదు. జెడ్ బదులు రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ దారి రాసి, టాస్కులో పాస్‌వర్డ్ భద్రపరిచాక పని కుదిరింది. పాస్‌వర్డ్ భద్రపరచవద్దు అన్న టిక్ ఉంటే ఆ టాస్కుకు పక్క కంప్యూటరు అందదు.

"రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఇస్తే అన్నీ దారికొస్తాయి" అన్నది రెండో అపోహ. మామూలు లాగిన్‌లో మ్యాప్ చేసిన డ్రైవ్, అడ్మినిస్ట్రేటర్‌గా నడిపినప్పుడు సాధారణంగా కనిపించకుండా పోతుంది. అంటే ఈ చిట్కా ఉన్న జబ్బును పెంచుతుంది. స్క్రిప్టు మన బదులు కీబోర్డు మీటలు నొక్కవలసిన ప్రోగ్రామే అడ్మినిస్ట్రేటర్‌గా నడుస్తుంటే మాత్రం ఇది అవసరం, ఎందుకంటే విస్టా కాలం నుంచీ తక్కువ అధికారమున్న ప్రోగ్రాము ఎక్కువ అధికారమున్న కిటికీకి మీటలు పంపలేదు.

షెడ్యూలర్ చూపే ఫలితం గడిలో 0x1, అంటే 1, కనబడగానే కంగారుపడేవారు చాలామంది. స్క్రిప్టు, ఫైళ్లను కాపీ చేసే విండోస్ ఆదేశం రోబోకాపీ జవాబుతోనే ముగిసేదైతే 1 అంటే ఫైళ్లు కాపీ అయ్యాయని అర్థం. 8, అంతకు మించిన సంఖ్యలే వైఫల్యం. తెరిచి ఉన్న ఫైలు దగ్గర ఆగితే, రోబోకాపీ ఏమీ చెప్పనప్పుడు 30 సెకన్లకొకసారి చొప్పున 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, అంటే దాదాపు ఏడాది! స్క్రిప్టు ఉరేసుకుందని అందరూ అనుకునేది దీన్నే, కాబట్టి ఆ సంఖ్యలను రెండు మూడుకు తగ్గించి రాయండి.

యాంటీవైరస్ అడ్డుపడుతోందన్న అనుమానంతో దాన్ని ఆపేయడం గురించి చెప్పేదేమీ లేదు, ఆపకండి. "ధాన్యం" అని తెలుగులో పేరు పెట్టిన ఫోల్డర్‌ను విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1లో రాసిన స్క్రిప్టు గుర్తించకపోతే, ఆ స్క్రిప్టు ఫైలును బీఓఎమ్ (ఫైలు మొదట్లో ఉండే గుర్తు)తో కూడిన యూటీఎఫ్-8 అనే అక్షర పద్ధతిలో సేవ్ చేసి చూడండి.

మేత దుకాణం ల్యాప్‌టాప్‌లో కొన్ని రాత్రులే పని తప్పుతోందని, ఎవరో కావాలని చేస్తున్నారని యజమానికి అనుమానం వచ్చింది. తప్పిన తేదీలన్నీ కరెంటు పోయిన రాత్రులే. కరెంటు మీద ఉంటేనే టాస్కు మొదలవ్వాలన్న టిక్ షెడ్యూలర్‌లో ముందే పెట్టి ఉంటుంది. నేను దాన్ని తీసేసినా ఆయనకు నమ్మకం కుదరలేదు. అప్పుడు టాస్కు సమయాన్ని ఐదు నిమిషాల తరువాతకు మార్చి, ఛార్జరు ప్లగ్ ఆయన చేతే పీకించి, ఇద్దరం తెర ముందు కూర్చున్నాము.