రెండున్నర ఎకరాల కోసం సరిహద్దు దాటిన ట్యాంకులు

సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున, సరిహద్దుకు ముప్ఫై కిలోమీటర్లకు పైగా లోపల, టర్కీకి ఓ రెండున్నర ఎకరాల స్థలం ఉండేది. చుట్టూ సిరియా నేల. మధ్యలో టర్కీ జెండా, టర్కీ సైనికులు, వాళ్ల కాపలాలో ఒక సమాధి. 2015 ఫిబ్రవరి 21 రాత్రి ఆ సమాధిని తవ్వి తెచ్చుకోవడానికి టర్కీ 39 ట్యాంకులు, 57 సాయుధ శకటాలు, 572 మంది సైనికులను పంపింది. తెల్లారేసరికి పని అయిపోయింది. అంతర్యుద్ధం మొదలయ్యాక టర్కీ సైన్యం ఇంత పెద్ద ఎత్తున నేల మీద సరిహద్దు దాటి సిరియాలోకి వెళ్లడం అదే మొదటిసారి.

ఆ సమాధి సులేమాన్ షాదని టర్కీ వాళ్ల నమ్మకం. ఒట్టోమన్ సామ్రాజ్యానికి మూలపురుషుడైన ఒస్మాన్‌కు ఆయన తాత. పదమూడో శతాబ్దంలో తన తెగతో యూఫ్రటీస్ దాటబోయి నీళ్లలో కొట్టుకుపోయాడని, వెంట ఉన్న ఇద్దరితో పాటు ఆయన్ని జాబర్ కోట దగ్గర పాతిపెట్టారని చెబుతారు. చరిత్రకారుల్లో చాలామంది దీన్ని గట్టిగా నమ్మరు. ఒస్మాన్ తండ్రి ఎర్తుగ్రుల్. ఆ ఎర్తుగ్రుల్ తండ్రి పేరు గుందుజ్ ఆల్ప్ అని చెప్పే కథనాలూ ఉన్నాయి. 1086లో అలెప్పో దగ్గర చనిపోయిన మరో సులేమాన్ ఉన్నాడు, ఒట్టోమన్లకు ముందు ఏలిన టర్కు వంశం సెల్జుక్‌ల నాయకుడు. జనం నోళ్లలో ఈ ఇద్దరు సులేమాన్‌లూ కలిసిపోయి ఉండొచ్చన్నది ఒక వాదన. లోపల ఉన్నది ఎవరైనా, ఆ చోటును ఊళ్లవాళ్లు 'తుర్క్ మెజారి' అనే పిలిచేవారు. టర్కు సమాధి అని అర్థం.

అసలు కిటుకు సమాధిలో లేదు, దాని కోసం రాసిన కాగితంలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఒట్టోమన్ రాజ్యం ముక్కలైంది, సిరియా ఫ్రాన్స్ చేతికి పోయింది. అంకారాలో ముస్తఫా కెమాల్ వర్గం సొంత ప్రభుత్వం పెట్టుకుని ఒక పక్క గ్రీకులతో, ఇంకో పక్క ఫ్రెంచ్ వాళ్లతో పోరాడుతోంది. ఫ్రాన్స్‌కు ఆ యుద్ధం మీద ఓపిక పోయింది. 1921 అక్టోబర్ 20న ఇద్దరూ అంకారాలో ఒప్పందం చేసుకున్నారు. అందులోని తొమ్మిదో అధికరణం ప్రకారం జాబర్ కోట దగ్గరి సమాధి, దాని ఆవరణ టర్కీ ఆస్తి. అక్కడ కాపలాదారులను పెట్టుకోవచ్చు, జెండా ఎగరేసుకోవచ్చు. సామ్రాజ్యం మొత్తం పోయాక మూలపురుషుడి సమాధి మాత్రం మిగిలింది. ఫ్రాన్స్‌కు దీనివల్ల పోయిందేమీ లేదు. అంకారాకు మాత్రం కాస్త పరువు దక్కింది. ఆ నాలుగు వాక్యాలు వందేళ్ల తర్వాత ఎవరి మెడకు చుట్టుకుంటాయో ఆ రోజు సంతకం చేసినవాళ్లకు తట్టి ఉండదు.

పరాయి దేశం మధ్యలో సొంత నేల ఉండటం మనకూ కొత్తేం కాదు. కూచ్ బిహార్ వైపు బంగ్లాదేశ్ లోపల మన ముక్కలు 111, మన లోపల వాళ్లవి 51 ఉండేవి. వాటిని మాట్లాడుకుని ఇచ్చిపుచ్చుకున్నది కూడా ఆ 2015లోనే, జూలై 31 అర్ధరాత్రి. మాట్లాడుకోవడానికి అవతల ఒక ప్రభుత్వం ఉంది కాబట్టి అది సాధ్యమైంది. టర్కీకి అప్పుడు ఆ వెసులుబాటు లేదు.

సమాధి 2015లో కదలడం మొదటిసారి కాదు. సోవియట్ సాయంతో సిరియా తబ్కా దగ్గర యూఫ్రటీస్‌కు అడ్డంగా డ్యామ్ కట్టింది. జలాశయం నిండితే సమాధి మునిగిపోతుంది. శ్రీశైలం నీళ్లొస్తాయని కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురంలో మళ్లీ కట్టుకున్న మనకు ఆ హడావుడి చెప్పక్కర్లేదు. 1973లో రెండు దేశాలూ ఒప్పందానికి వచ్చి, సమాధిని నది వెంట ఎగువకు, కరాకోజాక్ అనే ఊరి దగ్గరికి మార్చాయి. స్థలం మారినా హక్కు మారలేదు. జెండా, కాపలా, టర్కీ నేల అన్న హోదా అన్నీ కొత్త చోటుకు వచ్చేశాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. 'సమాధి ఎక్కడుంటే ఆ నేల మాది' అని టర్కీ తర్వాత చేసిన వాదనకు పునాది ఇక్కడే పడింది.

2011లో సిరియాలో తిరుగుబాటు మొదలయ్యే దాకా అక్కడ డ్యూటీ అంటే పెద్దగా పనిలేని కాపలా. తర్వాత లెక్క మారింది. అసద్ ప్రభుత్వంతో అంకారాకు పూర్తిగా చెడింది. సమాధి మీద దాడి జరిగితే అది టర్కీ భూభాగం మీద, నాటో నేల మీద దాడేనని అప్పటి ప్రధాని ఎర్దోగాన్ 2012 ఆగస్టులోనే టీవీలో చెప్పారు. 2014 వసంతానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ ఐసిస్ చేతికి వెళ్లాయి. సమాధులను, దర్గాలను కనిపించినచోటల్లా పేల్చేస్తున్న ముఠా అది. జెండా దించి మూడు రోజుల్లో ఖాళీ చేయాలని, లేదంటే సమాధిని నేలమట్టం చేస్తామని ఆ మార్చిలో బెదిరించింది.

సరిగ్గా అప్పుడే ఇంకో బాంబు పేలింది, యూట్యూబ్‌లో. మార్చి 27న ఒక రహస్య సమావేశం ఆడియో బయటికొచ్చింది. విదేశాంగ మంత్రి దావుతొగ్లు, గూఢచార సంస్థ అధిపతి హకాన్ ఫిదాన్, సైన్యంలో రెండో స్థానంలో ఉన్న యాషార్ గులేర్, విదేశాంగ శాఖ ఉన్నతాధికారి ఒకరు సిరియాలోకి వెళ్లడం గురించి మాట్లాడుకుంటున్నారు. సాకు కావాలంటే అటు నుంచి నలుగురు మనుషులను పెట్టి మన ఖాళీ స్థలంలోకి ఎనిమిది క్షిపణులు వేయించొచ్చన్నది ఫిదాన్ గొంతుగా చెప్పిన మాట. సమాధి ప్రస్తావన కూడా అందులో వచ్చింది. ఆడియోలో మార్పులు చేశారని, ఇది గూఢచర్యమని ప్రభుత్వం మండిపడింది. స్థానిక ఎన్నికలు మూడు రోజులుండగా యూట్యూబ్‌ను ఆపేశారు. సమావేశం జరగలేదని మాత్రం ఎవరూ అనలేదు.

అప్పటి నుంచి ఆ రెండున్నర ఎకరాలు అంకారాకు రెండు రకాలుగా పనికొచ్చేలా తయారయ్యాయి. యుద్ధంలోకి దిగాలనుకుంటే అదే సాకు. దిగకూడదనుకుంటే అక్కడున్న సైనికుల ప్రాణాలు పణంగా ఉన్నాయన్నదే కారణం. నా అంచనాలో రెండోదే ఎక్కువ బరువైంది. ఆ జూన్‌లో ఇరాక్‌లోని మోసుల్ పడిపోయినప్పుడు టర్కీ కాన్సులేట్‌లోని 49 మందిని ఐసిస్ పట్టుకుపోయింది, సెప్టెంబర్ దాకా వదల్లేదు. సమాధి దగ్గర చిక్కుకున్నవాళ్లు సుమారు 40 మంది. నెలల తరబడి వాళ్ల స్థానంలో వేరేవాళ్లను పంపడానికి వీలు కాలేదు. మోసుల్ లాంటిదే ఇంకొకటి జరిగితే ఏ ప్రభుత్వమైనా తట్టుకోవడం కష్టం. 2015 జూన్‌లో పార్లమెంటు ఎన్నికలు కూడా ఉన్నాయి. సిరియా, ఇరాక్‌లలోకి సైన్యాన్ని పంపే అధికారం మాత్రం 2014 అక్టోబర్ 2న పార్లమెంటు ఇచ్చేసింది.

దారి ఎటు నుంచి? సమాధికి వెళ్లే రోడ్డు సరిహద్దు పక్కనున్న సిరియా కుర్దుల పట్నం కొబానీ మీదుగా పోతుంది. నాలుగు నెలల ముట్టడి తర్వాత 2015 జనవరి చివర్లో అమెరికా విమానాల అండతో కుర్దుల వైపీజీ దళాలు ఐసిస్‌ను ఆ పట్నం నుంచి తరిమేశాయి. టర్కీ దృష్టిలో వైపీజీ అంటే తమతో అప్పటికి మూడు దశాబ్దాలుగా పోరాడుతున్న కుర్దు సాయుధ సంస్థ పీకేకేకు సిరియా శాఖ, అంటే ఉగ్రవాదులే. కొబానీ ముట్టడిలో ఉన్నన్నాళ్లు టర్కీ ట్యాంకులు సరిహద్దు ఇవతల వరసగా నిలబడి చూస్తూ ఉండిపోయాయని కుర్దులకు పీకలదాకా కోపం. ఇప్పుడు అవే ట్యాంకులు ఆ పట్నం మీదుగానే పోవాలి.

ఫిబ్రవరి 21 రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో కొబానీకి ఎదురుగా ఉన్న ముర్షిత్‌పినార్ సరిహద్దు గేటు తెరుచుకుంది. కూలిన గోడల మధ్య, కరెంటు లేని వీధుల్లో వంద దాకా వాహనాలు బారులు తీరి దక్షిణానికి కదిలాయి. ఈ ఆపరేషన్‌కు పెట్టిన పేరు షా ఫిరాత్. టర్కిష్‌లో యూఫ్రటీస్‌ను ఫిరాత్ అంటారు. ఒక దళం సమాధి దగ్గరికి వెళ్తుంటే ఇంకో దళం సరిహద్దుకు సుమారు 200 మీటర్ల దూరంలో ఉన్న ఎష్మే గ్రామం దగ్గర స్థలం చూసుకుని జెండా పాతింది. అక్కడ తవ్వకం, ఇక్కడ చదును రెండూ ఆ రాత్రే. అప్పటికి ప్రధాని అయిన దావుతొగ్లు అంకారాలో సైనిక కార్యాలయంలో కూర్చుని చూశారు. అవశేషాలను వాహనాల్లోకి ఎక్కించాక, ఐసిస్ వాడుకోకుండా పాత కట్టడాన్ని పేల్చేశారు. ఎవరూ కాల్పులు జరపలేదు. ప్రమాదంలో ఒక సైనికుడు చనిపోయాడు.

వెళ్లే ముందు ఇస్తాంబుల్‌లోని సిరియా కాన్సులేట్‌కు ఒక మాట చెప్పారు, జవాబు కోసం ఆగలేదు. డమాస్కస్ దీన్ని బాహాటమైన దురాక్రమణ అంది. కుర్దులు తాము సహకరించామన్నారు. అలాంటిదేమీ లేదని టర్కీ ప్రభుత్వం కొట్టిపారేసింది. కానీ ఎష్మే అప్పటికే వైపీజీ చేతిలో ఉన్న ఊరు. ఆ పక్కనే తెల్లారేసరికి టర్కీ జెండా ఎగురుతోంది, దాన్ని ఎవరూ పీకలేదు. మాట్లాడుకోకుండా ఇది ఎలా అవుతుందో అడగకూడని ప్రశ్న అయిపోయింది.

దేశంలో అధికార పక్షం దీన్ని గొప్ప విజయంగా చెప్పుకుంది. యుద్ధం చేయకుండానే దేశపు నేలను వదులుకోవడం గణతంత్రం చరిత్రలో ఇదే మొదటిసారని ప్రతిపక్ష నేత కెమాల్ కిలిచ్‌దరోగ్లు విమర్శించారు. సైనికపరంగా తప్పు పట్టడానికి ఏమీ లేదు, 40 మంది క్షేమంగా ఇల్లు చేరారు. రాజకీయంగా మాత్రం కిలిచ్‌దరోగ్లు మాటే నాకు దగ్గరగా అనిపిస్తుంది. దీనికి సరైన పేరు వెనక్కి తగ్గడమే. అది చిన్నతనమేమీ కాదు, పేరు మార్చి చెప్పుకోవడమే చిన్నతనం.

ఇంకో చిక్కు ఉంది. సమాధిని ఇంటికి, అంటే టర్కీలోకి తీసుకురాలేదు. సరిహద్దుకు అంత దగ్గరగా తెచ్చి, ఆ 200 మీటర్ల ముందు ఆపేశారు. తెచ్చేస్తే 1921 నాటి హక్కు చెల్లిపోతుంది. అందుకే ఇది తాత్కాలికమేనని, పరిస్థితులు బాగుపడ్డాక పాత చోటికే తీసుకెళ్తామని దావుతొగ్లు అన్నారు.

పరిస్థితులు బాగుపడలేదు. ఆ జూలైకి పీకేకేతో శాంతి చర్చలు కుప్పకూలాయి. 2016 ఆగస్టు 24న టర్కీ ట్యాంకులు మళ్లీ సరిహద్దు దాటి సిరియా పట్నం జరాబ్లుస్‌లో దిగాయి. ఒట్టోమన్లు సిరియాను గెలుచుకున్న మర్జ్ దాబిక్ యుద్ధానికి సరిగ్గా 500 ఏళ్లు నిండిన రోజు అది. ఈసారి తెల్లారాక తిరిగి రాలేదు. ఐసిస్‌తో పాటు, ఏడాదిన్నర క్రితం దారిచ్చిన ఆ వైపీజీని యూఫ్రటీస్‌కు పడమర లేకుండా చేయడం కూడా లక్ష్యమని చెప్పే వెళ్లారు. 2018లో అఫ్రిన్, 2019లో నదికి తూర్పున ఇంకో ఆపరేషన్ జరిగాయి.

2024 డిసెంబర్‌లో అసద్ పారిపోయిన రోజుల్లో టర్కీ అండ ఉన్న దళాలు యూఫ్రటీస్‌కు పడమర ఉన్న మన్‌బిజ్ పట్నాన్ని పట్టుకుని తూర్పుకు కదిలాయి. కుర్దుల నాయకత్వంలోని బలగాలు వాళ్లను అడ్డుకున్నది కరాకోజాక్ వంతెన దగ్గర. పాత సమాధి స్థలం దాని పక్కనే. సమాధి మాత్రం అప్పటికీ ఎష్మేలోనే ఉంది.