చివరి పేజీ ముందే చదివితే తప్పా?

పిల్లలూ,

డిటెక్టివ్ నవల సగంలో ఉండగా టెన్షన్ తట్టుకోలేక చివరి పేజీ తిప్పి చూసేసిందట మీలో ఒకమ్మాయి. "అది తప్పా తాతయ్యా?" అని రాసింది. తప్పేం కాదమ్మా. కొంత పోయింది, నిజమే. కానీ పోయినదానికంటే మిగిలింది ఎక్కువ.

మీరంతా దాగుడుమూతలు ఆడినవాళ్ళే. మిస్టరీ నవలలో కళ్ళు మూసుకుని అంకెలు లెక్కపెట్టి వెతకడానికి బయల్దేరేది మీరు. హంతకుణ్ణి రచయిత ఎక్కడో దాచి ఉంచాడు. సస్పెన్స్ నవలలో అయితే దాక్కున్నది మీరే. తలుపు వెనక ఊపిరి బిగబట్టి నిలబడ్డారు, అడుగుల చప్పుడు దగ్గరవుతోంది. వచ్చేదెవరో మీకు తెలుసు, తెలుసు కాబట్టే గుండె దడ. ఇక థ్రిల్లర్‌లో ఒకరినొకరు చూసేసుకున్నారు, ఇద్దరిదీ పరుగే పరుగు.

ఆటకి హద్దు ఉంటుంది కదా, గేటు దాటి వెళ్ళి దాక్కోకూడదని. మనం చెట్ల వెనకా మంచాల కిందా వెతుకుతుంటే, ఒకడు వాళ్ళింటికి పోయి పడుకుంటే ఎంత ఒళ్ళు మండుతుంది! మిస్టరీకీ అలాంటి హద్దులే ఉన్నాయి. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఆయన పది నియమాలు రాసిపెట్టాడు. ఆయన చర్చిలో ఫాదర్, డిటెక్టివ్ నవలలూ రాసేవాడు. నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలి, డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం పాఠకుడికీ చూపించాలి, ముందు సూచన లేకుండా కవలల్ని దింపకూడదు, లోకంలో ఎవరికీ తెలియని విషం వాడకూడదు. ఇలా ఉంటాయవి. ఆఖరి పది పేజీల్లో ఎవడో కొత్తవాణ్ణి పట్టుకొచ్చి "వీడే హంతకుడు" అనే నవలలు నాకు అస్సలు గిట్టవు. అది గేటు దాటి పారిపోవడమే.

బాగా దాక్కోవడం తెలిసినవాడు మంచం కింద దూరడు. పెద్దవాళ్ళ మధ్య దర్జాగా కూర్చుని వాళ్ళతోపాటే నవ్వుతుంటాడు. మీ చూపు అతని మీద పడుతుంది, ఆగదు.

నేను హైస్కూల్లో ఉన్నప్పుడు ఎవరిదో పాత నవల ఒకటి నా చేతికొచ్చింది. రెండో అధ్యాయంలో డాక్టరు గదిలోకి వచ్చే వాక్యం పక్కన, అంతకుముందు చదివిన మహానుభావుడెవరో పెన్సిల్‌తో "వీడే" అని రాసిపెట్టాడు. ఏడుపొచ్చినంత పనైంది. అయినా చేతిలో ఇంకో పుస్తకం లేదు, చదివాను. అప్పుడు కనిపించింది నాకు. డాక్టరు శవం దగ్గరికి వెళ్ళే ముందు, గోడ గడియారం ఆగిపోయిందని కీ ఇచ్చి ముళ్ళు సరిచేస్తాడు. ఒక్క వాక్యం. తెలియకుండా చదివితే పద్ధతైన మనిషి అనుకుని దాటిపోతాం. హత్య ఏ వేళకి జరిగిందో చెప్పే ఒకే ఒక్క సాక్ష్యాన్ని అతను అందరి ఎదుటా చెరిపేశాడు! ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. రచయిత నాకు అబద్ధం చెప్పలేదు, నా చూపుని పక్కకి తిప్పాడంతే. హంతకుడెవరో తెలిశాక కూడా చదివించే మిస్టరీయే మంచి మిస్టరీ అని అప్పటినుంచీ నా నమ్మకం.

ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల రచయిత్రి అగాథా క్రిస్టీకి ఈ విద్య వెన్నతో పెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసింది కాబట్టి విషాల సంగతి ఆవిడకి బాగా తెలుసు. కానీ ఆవిడ గొప్పతనం విషాల్లో లేదు, మనం దేన్ని పట్టించుకోమో తెలియడంలో ఉంది. 1926లో వచ్చిన ఆవిడ నవల ఒకదాని మీద "ఇది అన్యాయం" అని కొందరు గొడవపెట్టారు. నేను ఆవిడ పక్షమే. ఎందుకో చెబితే మీ ఆట చెడిపోతుంది, చెప్పను.

థ్రిల్లర్ల గురించీ ఒక మాట. ప్రతి అధ్యాయం చివరా తలుపు చప్పుడవుతుంది, పేజీ తిప్పితే పిల్లి! రెండుసార్లు అలా చేశాక మూడోసారి నిజంగా పులి వచ్చినా నాకు భయం వెయ్యదు. పేజీ పేజీకీ నెత్తురు పారించేవీ అంతే. పోయిన మనిషి మీద కాస్తయినా ప్రేమ పుట్టించకుండా చంపేస్తే, ఎవరు చంపితే నాకేం?

హంతకుడెవరో తెలియకుండానే ఇంత చదివావు కదమ్మా, ఇప్పుడు తెలిసి చదువు. ఆ మనిషి మొదటిసారి కనిపించిన పేజీకి వెనక్కి వెళ్ళు. అతని మాటలు వదిలేసి చేతులు చూడు. ఏది ముట్టుకున్నాడు, ఏది సర్దాడు, ఎవరిని ఏం అడిగాడు? ఆ పక్కనే రచయిత నీ చూపుని మళ్ళించడానికి ఏం పెట్టాడో కూడా వెతుకు. దొరికితే ఆ వాక్యం ఉన్నదున్నట్టు నాకు రాసి పంపు.

మీ తాతయ్య