ముసలి గొర్రె మూత్రాశయం నిజంగా నీరసించిందా?

నెల్లూరు కబేళాకొచ్చే గొర్రెల వయసు పళ్లే చెబుతాయి. రెండు పళ్లు వేస్తే ఏడాది, ఏడాదిన్నర మధ్య. ఎనిమిదీ వేస్తే సుమారు నాలుగేళ్లు. వయసుతో మూత్రాశయ కండరం మందులకు స్పందించే తీరు మారుతుందేమో చూడాలంటే ప్రయోగశాల ఎలుకలే అక్కర్లేదు, ఈ లెక్క చాలు.

కోసిన వెంటనే మూత్రాశయాన్ని చల్లటి క్రెబ్స్ ద్రావణంలో (కణజాలాన్ని బతికించి ఉంచే లవణాల నీరు) వేయాలి. లోపలి పొర ఒలిచేయాలి, అది ఉంటే కార్బకాల్‌కు (నరాలు వదిలే అసిటైల్‌కోలిన్‌లా పనిచేసి కండరాన్ని బిగించే మందు) వచ్చే బిగింపు తగ్గుతుంది. 2 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. పొడవు పీలికను దారంతో ఆర్గన్ బాత్‌లో (కండరం ముక్కను ద్రావణంలో వేలాడదీసి బిగింపు కొలిచే గాజు పాత్ర) కట్టి, 37 డిగ్రీల వేడి, 1 గ్రాము లాగుడు ఇచ్చి గంటసేపు వదిలేయాలి. పావుగంటకోసారి ద్రావణం మార్చాలి. గ్యాసు 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్. మామూలు గాలి కొట్టే చేపల తొట్టి పంపుతో సరిపెడితే కార్బన్ డయాక్సైడ్ చాలక పీహెచ్ పైకెక్కి ద్రావణం తెల్లగా మసకబారుతుంది. అప్పుడు బిగింపు గ్రాఫులో కనిపించేది వయసు కాదు, పంపు.

అసలు తిరకాసు లెక్కలో ఉంది. బిగింపును పీలిక బరువుతో భాగిస్తే ముసలి కండరం ఓడిపోయినట్టే కనిపించవచ్చు. దాంట్లో కొలాజెన్ (కండరం మధ్య ఉండే పీచు ప్రొటీన్) పెరిగి ఉంటే అది తూకానికే వస్తుంది, బిగుసుకోదు. అందుకే ముందు 80 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్ ఇవ్వాలి. అది గ్రాహకాలతో (మందు వచ్చి అంటుకునే కణం మీది చోట్లు) పని లేకుండా కండరాన్ని బిగిస్తుంది. తర్వాత కార్బకాల్‌ను 0.01 నుంచి 100 మైక్రోమోలార్ దాకా పెంచుతూ, వచ్చిన బిగింపును పొటాషియం బిగింపులో శాతంగా రాయాలి. రెండూ కలిసి తగ్గితే కండరమే నీరసించి ఉండాలి, లేదా పీలికలో కండరం పాలు తగ్గి ఉండాలి. కార్బకాల్‌కు మాత్రమే తగ్గితే గ్రాహకాల దారిని అనుమానించాలి.

నరాల సంగతి వేరు. కరెంటుతో వాటిని ప్రేరేపిస్తే అసిటైల్‌కోలిన్‌తో పాటు కండరాన్ని బిగించే మరో రసాయనం, ఏటీపీ, కూడా వదులుతాయి. అసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకునే అట్రోపిన్ 1 మైక్రోమోలార్ వేశాక మిగిలిన బిగింపులో ఎక్కువ భాగం ఏటీపీదే. ఆరోగ్యంగా ఉన్న మనుషుల్లో అది చాలా తక్కువ, వయసు మీద పడేకొద్దీ పెరుగుతుంది. ఎలుకల్లో అయితే చిన్న వయసు నుంచే ఎక్కువ. కాబట్టి ఎలుక ఫలితాన్ని తాతయ్యలకు తిన్నగా అంటగట్టకూడదు. ఏటీపీ గ్రాహకాలను పరీక్షించే ఆల్ఫా, బీటా-మిథిలీన్ ఏటీపీ అనే మందును కార్బకాల్‌లా మోతాదు మీద మోతాదు వేయకూడదు. గ్రాహకాలు మొద్దుబారతాయి. కడిగి అరగంట ఆగాలి.

కబేళా నమూనాల్లో ఇంకో చిక్కుంది. లేతవి ఎక్కువగా పొట్టేళ్లు, ముసలివి ఈతలు అయిపోయిన ఆడ గొర్రెలు. రెంటినీ పక్కపక్కన పెట్టి వయసు తేడా అంటే, ఆడా మగా తేడా కూడా అందులో కలిసిపోతుంది. పళ్లతో పాటు ఆడో మగో, విత్తు కొట్టిందో కాదో, ఈనిందో లేదో కూడా సీసా మీద రాసుకోవాలి.