మౌటోవా దీవి, 1864: నది దారి కోసం మావోరీల మీద మావోరీల పోరు

న్యూజిలాండ్ యుద్ధాలంటే తెల్లవాళ్లకూ అక్కడి మూలవాసులైన మావోరీలకూ జరిగిన పోరాటమే అనుకునేవాళ్లకు 1864 మే 14 మింగుడుపడదు. ఆ ఉదయం వాంగనుయి నది నడుమ మౌటోవా దీవిలో ఇరుపక్షాలా పోరాడింది మావోరీలే. చాలామంది చుట్టాలు కూడా.

ఎగువ నుంచి వచ్చినవాళ్లు 'పై మారిరె' అనే మతస్థులు. 1862లో టరనాకి ప్రాంతంలో టె ఉవా హౌమేనె పెట్టిన మతమిది. బైబిలూ మావోరీ ఆచారాలూ కలిసింది. 1864 ఏప్రిల్‌లో టె అహుఅహు దగ్గర వీరు బ్రిటిష్ దళాన్ని దెబ్బకొట్టారు. అక్కడ హతుడైన కెప్టెన్ లాయిడ్ తలతో పై మారిరె నాయకుడు మాటెనె రంగితౌయిరా నది ఎగువనున్న 'పిపిరికి' అనే ఊరు చేరాడు. నది వెంట దిగి వాంగనుయి పట్నం మీద పడాలన్నది అతని ఎత్తు.

దిగువ తెగలు దారి ఇచ్చేది లేదన్నాయి. బ్రిటిష్ రాణిగారి మీద భక్తితో అలా అన్నారనడం సర్కారు వారికి అనుకూలమైన కథ. పట్నంతో వీళ్లకు బేరసారాలున్నాయి. మాటహివిలో 1854లోనే గోధుమ పిండి మర కట్టుకున్నారు. అంతకన్నా పెద్ద సంగతి 'మనా': అధికారమూ పరువూ రెండూ ఆ మాటలోనే ఉన్నాయి. తమ నదిలో ఇంకొకరు ఆయుధాలతో, అనుమతి లేకుండా దిగిపోతే అది మిగలదు.

చోటూ రోజూ ముందే ఒప్పుకుని దిగారు. పై మారిరె వాళ్లు 120 పైచిలుకు. దిగువవారి ముందు వరుసలో 50 మంది, మిగతావాళ్లు వెనక ఆసరాగా. కుడి అరచెయ్యి పైకెత్తి మంత్రం చదివితే తూటా తగలదని పై మారిరె నమ్మకం. దిగువవారి మొదటి కాల్పులకు ఎవరూ పడలేదంటారు. దాంతో దిగువవారి గుండె జారింది. ఎదురుకాల్పుల్లో వాళ్ల నాయకులు కూలారు, వరుస చెదిరి దీవి చివరిదాకా వెనక్కి జరిగింది. అక్కడ దిగువ పక్షపు హైమోనా హిరోటి ఇక కదలనని నిలబడ్డాడు. అతని చుట్టూ కొందరు కూడారు, వెనక దళం అందుకుంది, పోరు తిరగబడింది. ఈదుకుంటూ గట్టు చేరబోయిన మాటెనె హతమయ్యాడు. పై మారిరె పక్షాన సుమారు 50 మంది పోయారు. దిగువ పక్షాన 15 మంది, వారితోపాటు ఒక కేథలిక్ బ్రదర్.

సర్కారు వైపు నిలిచినవాళ్లకు 'కూపపా' అన్న పేరుంది. మొదట్లో తటస్థులు అనే అర్థం, తర్వాత ద్రోహి అనే తిట్టయింది.

1865లో పట్నంలో స్మారకం లేచింది. మతమౌఢ్యాన్నీ అనాగరికతనూ ఎదిరించి శాంతిభద్రతలు కాపాడిన వీరులని చెక్కారు. నది మాటే లేదు. 1995లో వాంగనుయి మావోరీలు 79 రోజులు బైఠాయించింది ఈ స్మారకం ఉన్న తోటలోనే. అది పాకైటోరె అనే తమ పూర్వీకుల స్థలమని వాళ్ల వాదం.