క్యూ తగ్గింది, సోదా తగ్గలేదు

నెల్లూరోళ్లు విమానం ఎక్కాలంటే ముందు కారెక్కాలి. దగదర్తిలో విమానాశ్రయానికి 2019లో శంకుస్థాపన చేశారు, ఇంతవరకు అక్కడ విమానం దిగింది లేదు. ఒంగోలుకూ ఒకటి వస్తుందని వింటూనే ఉన్నాం. అందాకా నెల్లూరు, కావలి వాళ్లకు చెన్నై, ఒంగోలు, అద్దంకి వాళ్లకు గన్నవరం. అర్ధరాత్రి దాటాక ఉన్న విమానానికి మధ్యాహ్నం అన్నం తిని బయల్దేరతాం. సూళ్లూరుపేట దాటి, తడలో టీ తాగి, చెన్నై ట్రాఫిక్‌లో పడతాం. ఇంత తొందరపడి చేరేది మరో నాలుగు క్యూల్లో నిలబడడానికే.

మా పెద్దమ్మకు గ్రీన్‌కార్డు ఉంది. కొన్నాళ్లు కొడుకు దగ్గర, కొన్నాళ్లు ఇక్కడ. అమెరికా లోపల తిరిగేటప్పుడు ఆమె బోర్డింగ్ పాసు మీద ప్రీచెక్ అని పడుతుంది, అంటే ముందే వివరాలు చూసి నమ్మినవాళ్లకు సోదా తగ్గించే పథకం. స్వెట్టర్ విప్పే పనిలేదు, సంచిలోంచి ఏదీ బయటికి తీసే పనిలేదు, పక్క లైన్లో చకచకా నడిచిపోతుంది. పోయినేడు ఇక్కణ్నుంచి తిరిగి వెళ్తూ సెక్యూరిటీ దగ్గర ఆ మాటే చెప్పిందట. వాళ్లు వినలేదు. ట్రేలో అన్నీ పెట్టించారు, తెర చాటుకు పిలిచి తడిమి చూశారు, చేతిసంచిలోని పండుమిరపకాయ పచ్చడి డబ్బా పక్కన పెట్టారు. లోపలి నుంచి నాకు ఫోన్ చేసింది: "ఏంది నాయనా ఇది, అమెరికావోడు నన్ను నమ్మాడే, మనోడు నమ్మకపోతే ఎట్టా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే యాభై ఏళ్లు వెనక్కి పోవాలి.

1971 జనవరి 30న శ్రీనగర్ నుంచి జమ్ము వెళ్తున్న 'గంగ' అనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఫాకర్ విమానాన్ని ఇద్దరు కుర్రాళ్లు లాహోర్‌కు మళ్లించారు. వాళ్ల చేతిలో ఉన్నవి ఉత్తుత్తి పిస్తోలు, ఉత్తుత్తి గ్రెనేడు. అవి అసలువో కావో తేల్చుకునే ఏర్పాటు అప్పట్లో లేదు. 1976 సెప్టెంబరులో ఢిల్లీ నుంచి బొంబాయి వెళ్లాల్సిన బోయింగ్ కూడా లాహోర్‌కే పోయింది. దాని మీద వేసిన పాండే కమిటీ సలహా మేరకు 1978 జనవరిలో పౌరవిమానయానాన్ని నియంత్రించే డీజీసీఏలో ఒక విభాగంగా బీసీఏఎస్ అనే విమానయాన భద్రతా సంస్థ పుట్టింది. విమానాశ్రయాల్లో ఏం వెతకాలో, ఎలా వెతకాలో ఈనాటికీ చెప్పేది ఆ సంస్థే. అమెరికాలోనూ వరసగా హైజాకులు జరిగాకే 1973 జనవరి నుంచి ప్రయాణికులందరినీ తనిఖీ చేయడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో వెతికింది తుపాకీ కోసం, కత్తి కోసం. మనిషి ఒంటి మీద ఇనుము లేకపోతే గండం లేనట్టే అనుకున్నారు.

ఆ నమ్మకం చెదిరిన చోట్లలో మన చెన్నై ఒకటి. 1984 ఆగస్టు 2 రాత్రి మీనంబాక్కం విమానాశ్రయంలో బాంబు పేలి ముప్పై మందికి పైగా చనిపోయారు. కొలంబో వెళ్లే విమానంలోకి ఎక్కాల్సిన సూట్‌కేసుల్లో పెట్టిన బాంబు అది. పెట్టెలు అప్పజెప్పినవాడు విమానం ఎక్కలేదు, పెట్టెలు ఇక్కడే ఉండిపోయాయి. ఏడాది తిరక్కుండా, 1985 జూన్ 23న, ఎయిరిండియా విమానం 'కనిష్క' అట్లాంటిక్ మీద పేలిపోయింది. 329 మంది పోయారు. అక్కడా అంతే, పెట్టె ఎక్కింది, మనిషి ఎక్కలేదు. టొరంటోలో సామాను చూసే ఎక్స్‌రే యంత్రం ఆ రోజు మధ్యలో మొరాయించింది కూడా.

అప్పుడొచ్చింది, మనిషి లేని పెట్టె కదలకూడదన్న నియమం. పాతకాలంలో విమానం ఎక్కినవాళ్లను అడగండి, మెట్ల దగ్గర నేల మీద సామాను వరసగా పేర్చి ఉంటే ఎవరిది వాళ్లు వేలుపెట్టి చూపించి ఎక్కేవారమని చెబుతారు. ఎవరూ చూపించని పెట్టె అక్కడే ఆగిపోయేది. కనిష్క తరవాతే, 1987 ఏప్రిల్ 1న, బీసీఏఎస్‌ను డీజీసీఏ నుంచి విడదీసి సొంత శాఖగా చేశారు. సాగనంపడానికి ఊరంతా లోపలికి వెళ్లే రోజులూ పోయాయి. ఇప్పుడు గేటు దగ్గరే టికెట్టూ గుర్తింపు కార్డూ చూసి ఆపేస్తారు. మిగతావాళ్లం అద్దాల బయట నిలబడి చెయ్యి ఊపడమే.

గేటు దగ్గర, సెక్యూరిటీ దగ్గర కనిపించే ఆ ఖాకీ బలగం మాత్రం మొదటి నుంచీ లేదు. 1999 డిసెంబరు 24న ఖాట్మండు నుంచి వస్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం ఐసీ 814ను హైజాక్ చేసి కాందహార్ తీసుకుపోయేదాకా విమానాశ్రయాల కాపలా ఆయా రాష్ట్రాల పోలీసులది. ఆ తరవాత కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి (సీఐఎస్ఎఫ్) అప్పగించారు, 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో మొదలైంది. మనకు వాళ్లు కొత్తేం కాదు, శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి కాపలా వాళ్లే. అక్కడ నేర్చిన పద్ధతే ఇక్కడా: ఎవరి మామయ్య ఎవరన్నది పనికిరాదు. చేతిసంచి ట్యాగు మీద ముద్ర వేసే అలవాటు మటుకు చాలాకాలం నడిచింది. ముద్ర లేదని విమానం తలుపు దాకా వెళ్లినవాళ్లను వెనక్కి పంపేవారు. 2017లో పెద్ద విమానాశ్రయాల్లో అది ఎత్తేశారు, పీడ విరగడైంది.

ఇక పచ్చడి సంగతి. 2006 ఆగస్టులో లండన్‌లో ఒక కుట్ర బయటపడింది. కూల్‌డ్రింకు సీసాల్లో ద్రవరూపంలో పేలుడు పదార్థం పోసి, అట్లాంటిక్ దాటే విమానాలు కూల్చాలన్నది ప్లాను. అప్పటి ఎక్స్‌రేలో నీళ్లకూ దానికీ తేడా తెలిసేది కాదు. అందుకని అంతర్జాతీయ ప్రయాణంలో చేతిసంచిలో ఏ ద్రవమైనా 100 మిల్లీలీటర్ల డబ్బా దాటకూడదన్నారు. నెయ్యి, తేనె, నూనె తేలే పచ్చడి, చేపల పులుసు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. పెద్ద పెట్టెలో పెట్టుకోవచ్చు గానీ దానికి 23 కిలోల బరువు అడ్డు. పెద్దమ్మ పచ్చడి చేతిసంచిలోకి వచ్చిందీ ఆ బరువు చాలకే. ప్రీచెక్ లైన్లో నిలబడినా అక్కడా ఆ డబ్బా పోయేదే, ఆ సంగతి ఆమెకు కొడుకు చెప్పినట్టు లేదు. పవర్‌బ్యాంకుది దీనికి తలకిందుల నియమం. లిథియం బ్యాటరీ అంటుకుంటే మనుషుల కళ్లెదుట ఉండాలి గనక అది చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో పెట్టకూడదు.

అమెరికాలో 2001 సెప్టెంబరు దాడుల తరవాత, ఆ నవంబరులోనే విమానాశ్రయాల్లో సోదా చేసే ప్రభుత్వ సంస్థ టీఎస్ఏ పుట్టింది. బూట్లలో బాంబు పెట్టుకుని ఒకడు దొరికాడు గనక బూట్లు విప్పించారు, లండన్ కుట్ర తరవాత ద్రవాలు ఆపారు, లోదుస్తుల్లో ఇంకొకడు పెట్టుకున్నాక ఒళ్లంతా చూసే స్కానర్లు వచ్చాయి. లైన్లు చాంతాడంత అయ్యాయి. అప్పుడు వాళ్లు లెక్క మార్చారు. వస్తువు కోసం అందరినీ ఒకేలా వెతికే బదులు, మనిషి గురించి ముందే తెలుసుకుంటే వెతుకులాట తగ్గించొచ్చు కదా అనుకున్నారు. 2011 అక్టోబరులో తరచూ తిరిగేవాళ్లతో నాలుగు విమానాశ్రయాల్లో ప్రీచెక్ మొదలైంది. 2013 డిసెంబరు నుంచి ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. అప్పట్లో వేలిముద్రలిచ్చి 85 డాలర్లు కడితే ఐదేళ్లు. నేరుగా పెట్టుకునే వీలు పౌరులకూ గ్రీన్‌కార్డు వాళ్లకూ ఉంది. హెచ్1బీ మీదున్న మన పిల్లలు గ్లోబల్ ఎంట్రీ (అమెరికాలో దిగాక ఇమ్మిగ్రేషన్ త్వరగా దాటించే పథకం) దారిన రావాలి, భారతీయులకు అది 2017 నుంచి తెరిచారు. 2025 జులై నుంచి బూట్లు విప్పే పని అక్కడ అందరికీ తప్పింది కాబట్టి, ప్రీచెక్ దర్జా కాస్త తగ్గిందనే చెప్పాలి.

మన దగ్గర త్వరగా పంపిస్తామంటూ వచ్చినవి రెండు. రెండిటికీ సోదాతో సంబంధం లేదు. మొదటిది డిజి యాత్ర. విజయనగరం అశోక్ గజపతిరాజు పౌరవిమానయాన మంత్రిగా ఉండగా 2017లో దాన్ని ప్రకటించారు, 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిల్లో మొదలై, 2023లో విజయవాడకు, ఆ తరవాత చెన్నైకి వచ్చింది. ఆధార్‌తో యాప్‌లో ముఖం నమోదు చేసుకుంటే గేటు కెమెరా చూసి తెరుచుకుంటుంది. కాగితం చూపించే పని తప్పుతుంది, అంతే. దేశం లోపలి ప్రయాణానికే పనికొస్తుంది. గేటు దాటాక మళ్లీ అదే ట్రే, లోహాన్ని పట్టే అదే డోర్‌ఫ్రేమ్, ఎత్తుపీట ఎక్కి చేతులు చాచడం. ఇష్టమైతేనే వాడుకోవాలని నియమం, విమానాశ్రయంలో వివరాలు 24 గంటల్లో చెరిపేస్తామని హామీ. నడిపేది ప్రభుత్వ శాఖ కాదు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 26 శాతం, మిగతాది ప్రైవేటు విమానాశ్రయాలకు వాటా ఉన్న ఒక ఫౌండేషన్ నడుపుతోంది. ముఖం ఇచ్చేముందు ఈ ముక్క తెలిసుండాలి.

రెండోది ఇమ్మిగ్రేషన్‌ది, పేరు ఫాస్ట్ ట్రాక్ ఇమ్మిగ్రేషన్. 2024 జూన్‌లో ఢిల్లీలో, 2025 జనవరి 16 నుంచి చెన్నై, హైదరాబాద్ వగైరాల్లో వచ్చింది. మన పాస్‌పోర్టు వాళ్లకూ, విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతికిచ్చే ఓసీఐ కార్డు వాళ్లకూ ఉచితం. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి వేలిముద్రలు, ఫొటో ఇచ్చి వస్తే, ముద్ర వేసే అధికారి ముందు నిలబడకుండా ఈ-గేటులోంచి పోవచ్చు. ఏటా పోయివచ్చే తల్లిదండ్రులు చేయించుకోదగ్గది ఇదే. ఎయిర్‌లైన్లు డబ్బు తీసుకుని ఇచ్చే 'ప్రయారిటీ' అయితే వరసలో ముందుకు జరపడం తప్ప మరేం కాదు.

అంటే మన దేశంలో నమ్మి వదిలేయడం అసలు లేదా అంటే, ఉంది. రాష్ట్రపతి, ప్రధాని, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి, గవర్నర్లు, ముఖ్యమంత్రులు, కేంద్ర కేబినెట్ మంత్రులు ఇలా ఒక జాబితా ఉంది, వాళ్లకు సోదా లేదు. అమెరికావాడు నమ్మకాన్ని డబ్బు తీసుకుని ఇస్తాడు, మనవాళ్లు పదవిని చూసి ఇస్తారు. రెండింట్లో ఏది మేలో నాకు తేల్చబుద్ధి కాదు గానీ, పెద్దమ్మలాంటి వాళ్లకు మటుకు ఇక్కడ ఏ దారీ తెరవలేదు.

దేవుడికే మినహాయింపు దొరకలేదు, ఇంక మనమెంత! చేతిసంచిలో కొబ్బరికాయ రానివ్వరు గనక శబరిమల వెళ్లే స్వాములు ఇరుముడిని సామానులో వేయాల్సి వచ్చేది. 2024 అక్టోబరులో పౌరవిమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు ఆ సీజను వరకు, అంటే 2025 జనవరి 20 దాకా, ఇరుముడి కొబ్బరికాయను క్యాబిన్‌లోకి అనుమతిస్తున్నట్టు ప్రకటించారు. అదీ ఎక్స్‌రే తీసి, పేలుడు పదార్థాల జాడ యంత్రంతో చూసి, చేత్తోనూ పరిశీలించాకే.

పెద్దమ్మ పచ్చడిని అక్కడి బుట్టలో ఒంపేసిందట. స్టీలు డబ్బా మాత్రం వదల్లేదు. బాత్‌రూమ్‌లో సబ్బు పెట్టి రెండుసార్లు కడుక్కుని సంచిలో వేసుకుంది. మూత మీద మా పెదనాన్న పేరు కొట్టించి ఉంది మరి.