మెరిసే బానెట్ కింద ఏముంది? పాత రేసు కార్లపై అపోహలు - వాస్తవాలు

పాత రేసు కార్లు బాగుచేసే మా షెడ్డుకి కొత్తగా ఒకటి వచ్చిందని తెలిస్తే చాలు, చూడ్డానికి జనం వచ్చేస్తారు. వాళ్లలో ఎక్కువమంది అడిగేది ఒకటే: "మళ్లీ కొత్తదానిలా ఎప్పటికి మెరుస్తుందండీ?" ఈ పనిలోకి దిగిన కొత్తలో నాదీ అదే తొందర. ఆ తొందరలో నేనేం పోగొట్టానో కూడా ఇందులోనే చెబుతాను.

అపోహ: బాగుచేయడమంటే కొత్తదానిలా మెరిపించడం

మెరిపించడం పెద్ద విద్యేం కాదు. పాత పెయింటంతా గీకి, సొట్టలు తీసి, ప్రైమర్ కొట్టి రంగేస్తే ఏ కారైనా మెరుస్తుంది. కానీ ఆ బండికి ఏ నంబరు రాశారు, ఎన్నిసార్లు రంగు మార్చారు, బానెట్‌ని బిగించే తోలు బెల్టు ఎక్కడెక్కడ ఒరుసుకుంది అన్న కబుర్లన్నీ ఆ పాత పొరల్లోనే ఉంటాయి. గీకితే అవీ పోతాయి.

మొదట్లో నా చేతికి ఒక బానెట్ వచ్చింది. ఎడమ పక్క రేకు మీద, రేడియేటర్ వైపు నుంచి వాటర్ పేపర్ తడిపి రుద్దడం మొదలుపెట్టాను. పైన నలుపు, దాని కింద ముదురాకుపచ్చ, ఇంకా కింద ఎర్ర ప్రైమర్. జానెడు దూరం హాయిగా ప్రైమర్ దాకా రుద్దేశాను. ఇంకాస్త ముందుకెళ్లాక ఆకుపచ్చ మీద తెల్లటి గీత కనిపించింది. ఏదో మరక అనుకుని ఇంకో నాలుగు రుద్దులు రుద్దాను. గీత కిందికి తిరిగింది. అప్పుడు చెయ్యి ఆగింది. నీళ్లు పోసి కడిగితే, బ్రష్షుతో చేత్తో రాసిన 7 అంకె. చివర్లో రంగు కారిన చుక్క కూడా అలాగే ఉంది. ఆ రోజు నుంచి దాన్ని మేమంతా "ఏడో నంబరు కారు" అనే పిలుచుకున్నాం.

ఇప్పుడు ఏ రేకు ముట్టుకున్నా ముందు ఒక మూల చొక్కా గుండీ అంత మేర మాత్రమే గుండ్రంగా రుద్దుతాను. ఉల్లిపాయ కోసినట్టు రంగు మీద రంగు వలయాలుగా కనిపిస్తాయి. ఫొటో తీసి, రాసుకుని, ఆ తర్వాతే మిగతా మాట. ఎండా వానా తగలని అసలు రంగు కావాలంటే డాష్‌బోర్డు వెనకా, బందుల కిందా వెతకాలి.

1925 నాటి బుగాటి కారు ఒకటి దశాబ్దాల పాటు ఇటలీ, స్విట్జర్లాండ్ సరిహద్దులోని మజ్జోరె సరస్సు అడుగున పడి ఉంది. 2009లో పైకి తీశారు. దాన్ని కొన్న మ్యూజియం బాగుచేయించే ప్రయత్నమే చేయలేదు, తుప్పు తినేసిన రేకులతో ఉన్నదున్నట్టు ప్రదర్శనకి పెట్టింది. అలాగని ప్రతి బండినీ తుప్పుకి వదిలేయమనడం లేదు. ఛాసిస్ పగిలితే అతకాల్సిందే. బ్రేకు పట్టకపోతే మార్చాల్సిందే.

అపోహ: పాత ఫొటో చూస్తే కారు రంగు తెలిసిపోతుంది

ఈ ఒక్క నమ్మకంతో తప్పు రంగు వేసుకున్న కార్లు చాలా ఉన్నాయి. ఆ రోజుల్లో కెమెరాల్లో ఫిల్ముకి బదులు వాడిన గాజు ప్లేట్లు నీలాన్ని బాగా పట్టుకునేవి, ఎరుపుని దాదాపు పట్టుకునేవే కావు. అందుకే నలుపు తెలుపు ఫొటోలో ఎర్ర కారు నల్లగా, నీలం కారు దాదాపు తెల్లగా పడేది. రేసుల్లో దీనివల్ల అసలు చిక్కు వచ్చిపడింది. 1900లో మొదలైన గోర్డన్ బెన్నెట్ పోటీల (దేశాల మధ్య జరిగే కారు రేసులు) నాటి నుంచి దేశానికో రంగు అన్న పద్ధతి మెల్లగా స్థిరపడింది: ఫ్రాన్స్‌కి నీలం, జర్మనీకి తెలుపు, బ్రిటన్‌కి ఆకుపచ్చ, ఇటలీకి ఎరుపు. ఇప్పుడు ఆ ప్లేటు మీద ఫ్రెంచి కారు జర్మన్ కారులా కనిపిస్తుంది!

పనిలో పనిగా ఇంకోటి. ఫోర్డ్ మోడల్ టీ ఎప్పుడూ నల్లగానే వచ్చేదనుకుంటారు. నలుపు తప్ప ఇంకో రంగు దొరకనిది 1914 నుంచి 1925 దాకా మాత్రమే. 1908లో మొదలైన ఆ మోడల్ తొలి ఏళ్లలో ఎరుపు, ఆకుపచ్చ, బూడిద రంగుల్లో కూడా వచ్చింది.

అపోహ: ముందొచ్చినవాడే గెలిచినట్టు

రేసు చరిత్ర రాసుకునేటప్పుడు అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే. 1894లో పారిస్ నుంచి రువాన్‌కి జరిగిన పోటీలో అందరికన్నా ముందు చేరింది కౌంట్ డి డియోన్ ఆవిరి బండి. మొదటి బహుమతి మాత్రం ఆయనకి రాలేదు. బొగ్గు వేయడానికి పక్కన ఇంకో మనిషి కావాలి కాబట్టి అది నిబంధనలకి సరిపోదన్నారు. బహుమతిని ప్యూజో, పన్హార్-లెవసోర్ కంపెనీలు పంచుకున్నాయి.

మరుసటి ఏడాది పారిస్-బోర్డో-పారిస్. దాదాపు 1,180 కిలోమీటర్లు. ఎమిల్ లెవసోర్ 48 గంటల 48 నిమిషాల్లో తిరిగొచ్చాడు. దారి పొడుగునా దాదాపు స్టీరింగ్ వదలకుండా ఆయనే నడిపాడు. తర్వాతి బండి గంటలు గడిస్తే గానీ కనిపించలేదు. అయినా మొదటి బహుమతి వెనకొచ్చిన కోష్లాన్ ప్యూజోకే వెళ్లింది, ఎందుకంటే లెవసోర్‌ది రెండు సీట్ల బండి, నిబంధన ప్రకారం నాలుగు సీట్లు ఉండాలి.

1911 ఇండియానాపొలిస్ 500 సంగతైతే ఇంకా తెమల్లేదు. రికార్డుల్లో విజేత మార్మన్ వాస్ప్ నడిపిన రే హారూన్. కానీ మధ్యలో ప్రమాదం జరిగి ల్యాపుల లెక్క గందరగోళమైంది, అసలు గెలిచింది రాల్ఫ్ మల్ఫర్డ్ అనే వాదన ఇప్పటికీ వినిపిస్తుంది. వెనక్కి చూసే అద్దాన్ని కనిపెట్టింది కూడా హారూనే అంటారు. అదీ పూర్తి నిజం కాదు. పక్కన మెకానిక్ లేకుండా ఒక్కడే నడిపితే వెనక ఎవరొస్తున్నారో ఎలా తెలుస్తుందని మిగతావాళ్లు గొడవ చేస్తే ఆయన అద్దం బిగించాడు. అంతకు రెండేళ్ల ముందే, 1909లో, డొరొతీ లెవిట్ అనే రేసు డ్రైవర్ కారు నడిపే ఆడవాళ్లకి వెనక్కి చూసుకోవడానికి ఒక చేతి అద్దం దగ్గర ఉంచుకోమని సలహా ఇచ్చింది. ఇటుకల ట్రాక్ మీద ఆ అదురుకి హారూన్ అద్దంలో ఏమీ సరిగ్గా కనిపించలేదన్నది వేరే సంగతి.

అందుకే మేం "గెలిచాడు" అని ఊరికే రాయం. ముందు చేరిందెవరు, బహుమతి ఎవరికిచ్చారు, ఆ మాట ఏ కాగితంలో ఉంది, మూడూ విడివిడిగా రాస్తాం.

అపోహ: ఆ కాలం కార్లు నత్తనడకే

1899లో ఒక ఎలక్ట్రిక్ కారు, అవును ఎలక్ట్రిక్ కారే, గంటకి 105 కిలోమీటర్లు దాటింది. 1906లో స్టాన్లీ ఆవిరి కారు 205 కిలోమీటర్ల వేగం అందుకుంది. ఆవిరి కార్లలో ఆ అధికారిక రికార్డు 2009 దాకా చెక్కుచెదరలేదు. వేగానికేం లోటు లేదు. చాలా బండ్లకి బ్రేకులు వెనక చక్రాలకే ఉండేవి, భయం అక్కడ.

అపోహ: ప్రతి నట్టూ ఫ్యాక్టరీదైతేనే ఒరిజినల్

మామూలు కారుకి ఆ మాట కొంత నప్పుతుంది. రేసు కారుకి నప్పదు. ఈ వారం పేలిన ఇంజన్ తీసేసి వచ్చే రేసుకి ఇంకోటి దింపేవాళ్లు, పాత బాడీ పీకి తేలికైనది బిగించేవాళ్లు. ఆ మార్పులే దాని చరిత్ర. 28 లీటర్లు దాటిన ఇంజనున్న ఫియట్ ఎస్76ని చూడండి. మిగిలిన ఒక కారు ఛాసిస్‌లోకి రెండో కారు ఇంజన్‌ని చేర్చి, లేనివి కొత్తగా చేయించి, శతాబ్దం తర్వాత మళ్లీ నడిపించారు. ఏది పాతదో ఏది కొత్తదో దాచనంత వరకు ఇందులో తప్పేమీ లేదు. కొత్త భాగం వేస్తే కనపడని వైపు గుర్తు కొట్టాలి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా టూరిన్ చార్టర్‌లో చెప్పేదీ ఇదే. తీసేసిన తుప్పు ముక్కని కూడా చీటీ కట్టి పెట్టెలో పడేయండి. పారేసినవాళ్లు తర్వాత బాధపడడం చూశాను.

అపోహ: కప్పి ఉంచి, వారానికోసారి అయిదు నిమిషాలు స్టార్ట్ చేస్తే చాలు

అసలు స్టార్ట్ చేయకపోవడమే నయం. అయిదు నిమిషాల్లో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. పెట్రోలు మండినప్పుడు పుట్టిన నీటి ఆవిరి బయటికి పోకుండా ఆయిల్లో, సైలెన్సర్లో చేరి లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. తీస్తే అరగంటైనా రోడ్డు మీద తిప్పాలి.

ఇంకో గండం ఇథనాల్ కలిపిన పెట్రోలు. చాలా పాత కార్బురేటర్లలో, ట్యాంకు మీటర్లలో ఫ్లోట్, అంటే పెట్రోలు మీద తేలే ముక్క, బెండుతో చేసి ఉంటుంది, దాని మీద లక్క పూత. లక్క ఇథనాల్ లాంటి స్పిరిట్‌లో ఇట్టే కరుగుతుంది. పూత పోయాక బెండు పెట్రోలు తాగి మునుగుతుంది, కార్బురేటర్ పొంగుతుంది, జిగురంతా జెట్‌లో, అంటే పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రంలో, అడ్డం పడుతుంది. ఫ్లోట్ తీసి వేలితో తడమండి. బంకగా అంటుకుంటే పని మొదలైపోయినట్టే.

హ్యాండిల్ తిప్పి ఇంజన్ స్టార్ట్ చేసేవాళ్లకి ఒక మాట. ముందు స్పార్క్‌ని రిటార్డ్‌లో, అంటే కాస్త ఆలస్యంగా పడేలా, పెట్టండి. బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి, హ్యాండిల్‌ని చుట్టి పట్టకూడదు. కింది నుంచి పైకి లాగాలి. ఇంజన్ వెనక్కి తన్నితే మణికట్టు విరగడం చిటికెలో పని.

అపోహ: ఇది డబ్బున్నవాళ్ల సరదా

కారు కొనడం వరకు నిజమే కావచ్చు. కానీ ఈ పనిలో సగం కాగితాల మీదే. మాలో కారే లేనివాళ్లున్నారు. ఒకాయన పాత ఫొటోల్లో చక్రాల పుల్లలు లెక్కపెట్టి ఏ బండో చెప్పేస్తాడు. ఇంకొకావిడ ఫొటోల వెనక రాతలు చదివి, మెత్తటి పెన్సిల్‌తో నంబర్లు వేస్తుంది. పెన్నుతో రాస్తే ఇంకు ఇవతలికి ఊరుతుందని ఎవరినీ పెన్ను పట్టనివ్వదు.

ఒకరోజు ఒక పెద్దాయన చెప్పుల పెట్టె నిండా ఫొటోలు తెచ్చిచ్చాడు. వాళ్ల తాతగారు రేసుల్లో డ్రైవర్ పక్కన కూర్చునే మెకానిక్ అట. ఆమె ఒక్కో ఫొటో భూతద్దంతో చూసుకుంటూ పోయి, ఒకదాని దగ్గర ఆగి నన్ను పిలిచింది. మా షెడ్డులో ఉన్న కారే. ఎడమ పక్క నుంచి తీశారు. బానెట్ మీద బెల్టు, దాని వెనక 7, అంకె చివర కారిన చుక్క. అన్నీ సరిపోయాయి.

"7 కాదండీ," అంది. "17."

7కి ముందు, రేడియేటర్ వైపు, తెల్లటి నిలువు గీత. నేను ప్రైమర్ దాకా రుద్దేసిన జానెడు మేరలో. ఇన్నేళ్లూ రేసు జాబితాల్లో ఏడో నంబరు ఎదురుగా ఉన్న పేర్లే వెతికాం. ఆ సాయంత్రం జాబితాలన్నీ మళ్లీ బయటికి తీశాం.