వ్యూపాయింట్ వెనక కాలాపానీ: మౌంట్ హ్యారియట్ ఎలా మౌంట్ మణిపూర్ అయింది?

అండమాన్ టూర్ ప్యాకేజీల్లో పోర్ట్ బ్లెయిర్ అంటే ముందు సెల్యులార్ జైలు, తర్వాత రాస్ ఐలాండ్, వీలైతే చిడియా టాపులో సూర్యాస్తమయం. ఇంకా టైం మిగిలితే మౌంట్ హ్యారియట్. ఆ కొండకి అధికారికంగా ఇప్పుడా పేరు లేదు. 2021 అక్టోబరులో కేంద్ర హోంమంత్రి అమిత్ షా పోర్ట్ బ్లెయిర్ వచ్చినప్పుడు దాన్ని మౌంట్ మణిపూర్‌గా మారుస్తున్నట్టు ప్రకటించారు. బంగాళాఖాతం నడిమధ్యలో ఉన్న కొండకి, సముద్రపు ఒడ్డే లేని ఈశాన్య రాష్ట్రం పేరు పెట్టడమేమిటి అన్న అనుమానం రావడం సహజమే. జవాబు 1891లో ఉంది. కానీ కథ అంతకంటే ముప్పై ఏళ్ళ ముందే మొదలైంది.

కొండ ఎత్తు 400 మీటర్లు కూడా ఉండదు. అయినా సముద్ర మట్టం నుంచి నేరుగా లేవడం వల్ల పైనుంచి కనిపించేది చాలా ఎక్కువ. కింద నార్త్ బే, దాని ఒడ్డున లైట్‌హౌస్, ఓ పక్కన రాస్ ద్వీపం, మబ్బు లేని రోజు దూరంగా హావ్‌లాక్ ద్వీపం. ఎరుపు రంగు పాత ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్లు, సముద్రం, లైట్‌హౌస్ ఉన్న బొమ్మ గుర్తుందా? అది ఈ కొండదారి నుంచి కనిపించే దృశ్యమే. 2019లో వచ్చిన కొత్త నోటు మీద దాని చోటు ఎల్లోరా తీసుకుంది.

1857 తిరుగుబాటు అణిచేశాక పట్టుబడ్డ వాళ్ళని ఎక్కడ పెట్టాలన్నది బ్రిటిష్ వాళ్ళకి పెద్ద సమస్య అయింది. 1858 మార్చిలో జేమ్స్ ప్యాటిసన్ వాకర్ అనే జైళ్ళ అధికారి రెండు వందల మంది ఖైదీలతో అండమాన్‌లో దిగాడు. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ వేసిన స్థావరం ఏడేళ్ళకే మూతపడింది కాబట్టి ఇది రెండో ప్రయత్నం. ద్వీపాంతరవాసం, కాలాపానీ అన్న మాటలకి మన ఊళ్ళలో భయం పుట్టింది ఆ రోజుల్లోనే. 1857 జులై 17న హైదరాబాద్ రెసిడెన్సీ మీద దాడి నడిపించిన ఇద్దరిలో తుర్రెబాజ్ ఖాన్‌ని చంపేశారు. మౌల్వీ అల్లావుద్దీన్‌ని మాత్రం అండమాన్‌కి పంపారు. ఆయన మళ్ళీ హైదరాబాద్ చూడలేదు, అక్కడే పోయారు.

ఆ అడవులు ఖాళీగా ఉన్నవి కావు. పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల అకా-బియా అనే గ్రేట్ అండమానీ తెగ ఉండేది. చెట్లు కొట్టుకుంటూ వస్తున్న కొత్తవాళ్ళని ఎదిరించి 1859 మేలో పోర్ట్ బ్లెయిర్‌లోని అబర్డీన్ దగ్గర పోరాడారు. విల్లంబులు తుపాకుల ముందు నిలవలేదు. తర్వాత రోగాలు మిగతా పని పూర్తిచేశాయి. వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు ఇప్పుడు పదుల్లోకి పడిపోయారు, అకా-బియా భాష మాట్లాడేవాళ్ళే లేరు. హ్యారియటా, మణిపూరా అని మనం వాదించుకునేటప్పుడు ఆ కొండని అందరికంటే ముందు ఎరిగిన ఈ తెగవాళ్ళు లెక్కలోకే రారు. నాకు ఈ పేర్ల గొడవలో అన్నిటికంటే ఇబ్బందిగా అనిపించేది ఇదే.

హ్యారియట్ ఎవరు? 1862లో ఖైదీల స్థావరానికి సూపరింటెండెంట్‌గా వచ్చిన రాబర్ట్ టైట్లర్ భార్య. ఐదేళ్ళ ముందు ఢిల్లీ ముట్టడి జరుగుతుంటే ఊరి బయట రిడ్జ్ అనే గుట్ట మీద బ్రిటిష్ సైన్యంతోపాటు ఉండిపోయిన ఇంగ్లీషు ఆవిడ. నిండు గర్భిణి కావడంతో ప్రయాణం చేయలేక అక్కడే బండిలో ప్రసవించింది. ఆ పిల్లాడి పేరులో ‘ఢిల్లీ ఫోర్స్’ అని సైన్యం పేరు కూడా చేర్చారు! భార్యాభర్తలిద్దరూ మంచి ఫొటోగ్రాఫర్లు కూడా. తిరుగుబాటు తర్వాతి ఢిల్లీ, లక్నో శిథిలాలని వాళ్ళు తీసిన ఫొటోల్లో ఇప్పటికీ చూడొచ్చు. రాబర్ట్ ఆ ఉద్యోగంలో రెండేళ్ళు కూడా నిండా లేడు. భార్య పేరు మాత్రం కొండకి నూట యాభై ఏళ్ళు దాటి ఉండిపోయింది.

కొండపైన కింద కంటే చల్లగా ఉంటుంది, గాలి బాగా ఆడుతుంది. అందుకే అధికారులు వేసవి మకాం అక్కడ పెట్టుకున్నారు. తెల్లదొరలు రాస్ ద్వీపంలో బంగళాలు, చర్చి, బేకరీలతో దర్జాగా ఉంటే, ఖైదీలు ఎదురుగా ఉన్న పెద్ద ద్వీపంలో అడవులు నరికి దారులు వేశారు. ఇవాళ మనం సెల్ఫీలు తీసుకునే చోట్లలో చాలావరకు అలా కాపలాకో, దొరల విశ్రాంతికో ఎంచుకున్నవే.

ఈ వ్యూపాయింట్ దేశం మొత్తానికి తెలిసింది ఒక సూర్యాస్తమయం వల్ల. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో అండమాన్ వచ్చాడు. దేశంలో మొదటి జనాభా లెక్కలు మొదలైంది ఈయన హయాంలోనే. రాస్, వైపర్, చాథం ద్వీపాలు చూడటం అయిపోయినా ఇంకా వెలుగు ఉంది. జ్వరపీడితులకి ఆరోగ్య కేంద్రం కట్టడానికి మౌంట్ హ్యారియట్ పనికొస్తుందేమో చూద్దామని అప్పటికప్పుడు బయల్దేరాడు. పైన కూర్చుని సూర్యుడు దిగిపోయేదాకా చూసి మురిసిపోయాడని ఆనాటి రాతల్లో ఉంది. దిగేసరికి చీకటి పడింది. కొండ కింద హోప్‌టౌన్ జెట్టీ దగ్గర, దివిటీల వెలుగులో పడవ వైపు నడుస్తుండగా షేర్ అలీ అనే ఆఫ్రీదీ పఠాన్ ఖైదీ వెనకనుంచి వచ్చి కత్తితో పొడిచాడు. భార్య ఎదురుచూస్తున్న ఓడకి వైస్రాయ్ శవమే చేరింది.

షేర్ అలీ అంతకుముందు పెషావర్‌లో బ్రిటిష్ వాళ్ళ దగ్గరే నమ్మకంగా పనిచేసినవాడు. పాత పగల్లో హత్య చేశాడని శిక్ష పడింది. సత్ప్రవర్తన వల్ల హోప్‌టౌన్‌లో మంగలి పని చేసుకుంటూ స్వేచ్ఛగా తిరిగే వీలు దొరికింది. ఎవరు చేయించారని అడిగితే దేవుడి ఆజ్ఞ అన్నాడు. మార్చి 11న వైపర్ ద్వీపంలో ఉరి తీశారు. పదవిలో ఉండగా హత్యకు గురైన వైస్రాయ్ మేయో ఒక్కడే. అయినా షేర్ అలీని స్వాతంత్ర్య యోధుడిగా నిలబెట్టాలా, వ్యక్తిగత కోపంతో చేసిన పనిగా చూడాలా అన్నది ఇప్పటికీ తేలలేదు. అందుకేనేమో, కొండ పేరు మార్చేటప్పుడు ఆ కొండ కిందే జరిగిన ఈ సంఘటన ఊసు పెద్దగా రాలేదు.

ఇక మణిపూర్ సంగతి. 1891లో ఆంగ్లో-మణిపూర్ యుద్ధం జరిగింది. ఏప్రిల్‌లో ఖోంగ్‌జోమ్ దగ్గర మణిపూరీ సేనలు ఓడిపోయాయి, కాంగ్లా కోట బ్రిటిష్ వాళ్ళ చేతికి వెళ్ళింది. ఆగస్టు 13న యువరాజు టికేంద్రజిత్‌ని, థంగల్ జనరల్‌ని ఇంఫాల్‌లో బహిరంగంగా ఉరితీశారు. మణిపూర్‌లో ఆ తేదీని ఇప్పటికీ దేశభక్తుల దినంగా జరుపుకుంటారు. మహారాజు కులచంద్ర సింగ్‌ని, మరో 22 మందిని అండమాన్ పంపారు. అప్పటికి సెల్యులార్ జైలు లేదు, దాని పని మొదలైందే 1896లో. దాంతో వాళ్ళని మౌంట్ హ్యారియట్ మీద ఉంచారు. దొరలకి వేసవి విడిది అయిన కొండే ఒక రాజుకి చెర అయింది.

ఈ మధ్య మారిన అండమాన్ పేర్లలో నాకు సబబుగా అనిపించేది ఇదే. ఇక్కడ పేరుకీ, చోటుకీ నేరుగా సంబంధం ఉంది. 2018 డిసెంబరు 30న రాస్, హావ్‌లాక్, నీల్ ద్వీపాలకి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం, స్వరాజ్ ద్వీపం, షహీద్ ద్వీపం అని పేర్లు పెట్టారు. 1943లో అదే తేదీన బోస్ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేశారు. అండమాన్, నికోబార్‌లకి షహీద్, స్వరాజ్ అన్న పేర్లు ఆయన పెట్టినవే కాబట్టి అదీ అర్థమవుతుంది. ఆ వెంటనే, 1944 జనవరిలో హంఫ్రీగంజ్ దగ్గర, అప్పుడు దీవుల్ని ఆక్రమించుకుని ఉన్న జపాన్ సైనికులు 44 మంది భారతీయులని కాల్చిచంపిన సంగతి మాత్రం ఈ సంబరాల్లో పెద్దగా వినిపించదు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయ పురం అయింది. ఒకప్పుడు ఇది చోళుల నౌకా స్థావరమని దానికి చెప్పిన కారణం కొంచెం దూరం నుంచి లాక్కొచ్చినట్టుంది.

చూడాలనుకునేవాళ్ళు చాథం నుంచి ఫెర్రీలో బాంబూఫ్లాట్ దిగి జీపు మాట్లాడుకోవచ్చు. లేదంటే ఫెరార్‌గంజ్ మీదుగా చుట్టూ తిరిగి రోడ్డు దారిలో వెళ్ళొచ్చు. ఆ ఫెరార్ కూడా 1920ల్లో ఇక్కడ చీఫ్ కమిషనర్‌గా చేసిన ఇంగ్లీషు దొరే. హోప్‌టౌన్‌ని ఇప్పుడు పానీఘాట్ అంటారు. కొండెక్కే ముందు అక్కడ ఐదు నిమిషాలు ఆగండి, 1872 నాటి హత్య జరిగింది అక్కడే.